పదో చుక్క దగ్గర

ఫిబ్రవరి 6

వదినకి నమస్కారాలు.

"ఇక్కడ అందరం బాగున్నాం" అని రాసి, నిజంగానే బాగున్నామా అని కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. బాగానే ఉన్నాం. మీ తమ్ముడు పొద్దున్నే నడకకి వెళ్తున్నారు. టీలో చక్కెర మానేశారు. తిరిగొచ్చి రెండంతస్తుల మెట్లెక్కాక గుమ్మం పట్టుకుని రొప్పుతుంటారు గానీ, అడిగితే "ఇది ఆయాసం కాదు, వ్యాయామం" అంటారు. పిల్ల పరీక్షలకి చదువుతోంది, అంటే పుస్తకం తెరిచి ఫోను చూస్తోంది.

ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోను చేయొచ్చు కదా అంటారేమో. మీరేగా అన్నారు, "నువ్వు ఫోనులో అవునూ కాదూ ఒకే గుక్కలో అంటావు, సలహా కావాలంటే కాగితం మీద రాసి పంపు, కొట్టివేతలతో సహా" అని. అందుకే రాస్తున్నాను. మూలల్లో పేజీల నంబర్లు కూడా వేశాను. దీనితో పాటు మూడు చార్టులు పెట్టాను, చూడండి.

— 2 —

అవి మా ఆఫీసువి. మా టెస్టర్ల పని మీకు తెలిసిందే. ప్రోగ్రామర్లు రాసినదాన్ని జనం చేతికి వెళ్ళకముందే మేం వాడిచూసి, విరిచిచూసి, ఎక్కడ చెడిందో చెప్తాం. ఇప్పుడు మా చేతిలో ఉన్నది వీధుల్లో మంచినీళ్ళ వాల్వులని వేళకి తెరిచి మూసే సాఫ్ట్‌వేర్. దానికి నాలుగు వందల టెస్టులు. వాటి ఫలితాలు రోజూ డేటాబేస్‌లో పడుతుంటాయి. ఇన్నాళ్ళూ నేను పద్నాలుగు పేజీల పట్టిక ఇస్తే, మా మేనేజరు (ఆయన్ని మేం తొందరగారు అంటాం) సంతకం కోసం చివరి పేజీ తప్ప తిప్పేవారు కాదు. "ఒక్క బొమ్మ ఇవ్వమ్మా, చూడగానే తెలిసిపోవాలి" అన్నారు. రిపోర్టుల ప్రోగ్రాములో ముందే తయారుగా ఉన్న చార్టులు మాకు ఎవరి కొలతలకో కుట్టిన చొక్కాలాగా ఉన్నాయి. అందుకని క్వెరీలు రాయడం నేనే నేర్చుకున్నాను. క్వెరీ అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న. అడిగింది ఇస్తుంది, అడగంది చచ్చినా ఇవ్వదు. అచ్చం మీ తమ్ముడే. వచ్చిన జవాబుని ఇలా బొమ్మ కట్టాను.

— 3 —

ఒకటి ముక్కలు చేసిన చక్రం, రెండోది చుక్కల మీదుగా పోయే గీత, మూడోది నిలువు కడ్డీలు. బయటివాళ్ళకి తెలియకూడదు కాబట్టి అక్షరాలూ తారీఖులూ కత్తెరతో కత్తిరించేశాను. జనవరిలో చాలా రోజులు ఎనభై దగ్గరే కొట్టుమిట్టాడింది. ఇప్పుడు తొంభై ఏడు. మీ తమ్ముడికి చూపిస్తే నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం ఇంత బాగుండటం నిజమేనా అని లోపల పీకుతోంది. ముప్పయ్యేళ్ళుగా వార్డులో చార్టులు చదువుతున్న మనిషి మీరు. మూడింట్లో ఏది చూడగానే అర్థమవుతుందో చెప్పండి.

మీ మరదలు


ఫిబ్రవరి 10

మరదలు పిల్లకి,

ఆశీస్సులు తర్వాత. ముందు వాణ్ణి నడకకి పంపడం మానిపించు.

"ఎనభై దగ్గరే కొట్టుమిట్టాడింది" అని ఎంత తాపీగా రాశావే తల్లీ! ఆక్సిజన్ ఎనభై ఉన్న మనిషి రెండంతస్తులెక్కి గుమ్మం పట్టుకుని రొప్పుతుంటే, వాడు వ్యాయామమన్నాడట, నువ్వు సరేనన్నావట. నీకు ఇంత గుండెనిబ్బరం ఉందని ఇన్నేళ్ళూ తెలియలేదు. పైగా బయటివాళ్ళకి తెలియకూడదట. నేను బయటిదాన్నా? మూడు పేజీలకి నంబర్లు వేసి, ఒకటీ మూడూ పంపావు. రెండోదాంట్లో డాక్టరు ఏమన్నాడో రాసి, మళ్ళీ మనసు మార్చుకుని తీసేసి ఉంటావు. నిన్ను నేనెరగనా?

వాడికి ఫోను చేశాను. "బ్రహ్మాండంగా ఉన్నానక్కా" అన్నాడు. ఎనభైల్లో ఉన్నవాళ్ళంతా అలాగే అంటారు. మెదడుకి గాలి చాలక హాయిగా ఉంటారు. వాడు చిన్నప్పటినుంచీ అంతేననుకో.

వేలికి తగిలించే మీటరు కొరియర్‌లో పంపుతున్నాను. పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ చూసి రాయాలి. వారం వారం ఆ కాగితం నాకు రావాలి. అక్క చెప్పిందని చెప్పు, నోరెత్తడు.

ఇక నీ బొమ్మల సంగతి. చక్రం పారేయ్, అది ఎవరి వాటా ఎంతో పంచుకోడానికి తప్ప పనికిరాదు. కడ్డీలు చూస్తే కళ్ళు తిరిగాయి. గీత బాగుంది, మా చార్టులాగే ఉంది. కానీ ఎడమవైపు నుంచి పదో చుక్క దగ్గర ఏం జరిగింది? తొమ్మిదో చుక్కదాకా నేలమీద పాకినవాడు పదో చుక్కకి మేడెక్కి కూచున్నాడే! మందు మార్చారా, లేక కొలిచే తీరు మార్చారా? జవాబు రాయి.

నీ మీద కోపంతో, వాడి మీద బెంగతో,
వదిన


ఫిబ్రవరి 15

వదినా, వదినా,

నవ్వాలో, మీ కాళ్ళమీద పడాలో తెలియడంలేదు. రెండూ చేశాననుకోండి.

రెండో పేజీ ప్రింటరు కింద దొరికింది. దాన్ని నాలుగుసార్లు తిరగరాశాను. ఏది బాగుందో తేల్చుకోలేక నాలుగూ పక్కన పెట్టి, చివరికి ఏదీ కవర్లో పెట్టలేదు. ఆ నాలుగూ ఇప్పుడు పంపుతున్నాను, మీకు నచ్చింది చదువుకోండి. నాలుగింట్లోనూ సారాంశం ఒకటే: ఆ గీత మీ తమ్ముడి ఊపిరి కాదు, మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ది. ఎనభై అంటే వంద టెస్టుల్లో ఎనభై పాసయ్యాయని. ఆయన రాయిలా ఉన్నారు. కానీ మీటరు వచ్చేసింది, "అక్క పంపింది" అన్న మాటకి ఆయన వేలు దానంతటదే ముందుకి వచ్చింది. తొంభై ఎనిమిది. ఇప్పుడు ఆయనకి అదొక సరదా అయిపోయింది. పిల్ల వేలికీ పెడుతున్నారు, నా వేలికీ పెడుతున్నారు. నిన్న ఇంటికొచ్చిన కుళాయి మరమ్మతు అతనిక్కూడా పెట్టారు. పాపం, అతను కుళాయి బాగుచేశాడా లేదా అని చూస్తున్నారనుకుని "ఇంకో పావుగంట సార్" అన్నాడు.

మీరు బాగుందన్న గీతనే సోమవారం మీటింగులో పెట్టాను. తొందరగారు ఒక్కసారి చూసి, "ఇదమ్మా నాకు కావాల్సింది" అన్నారు. డైరెక్టరుగారు ఇంకో అడుగు ముందుకెళ్ళారు. "నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఈవిడ ప్రతి రిపోర్టు కిందా 'అయితే' అని ఒక పేరా ఉంటుంది. ఇవాళ లేదు. ఈవిడకే సందేహం లేదంటే ఇక మనకేం భయం?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడికక్కడే మార్చి పదకొండున విడుదల అని ఖాయం చేసేశారు. నా గీత చూసి, వదినా!

నలభై మూడేళ్ళొచ్చాయి. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారిలో వెనక్కొచ్చే మనిషిని. నా మాట మీద ఇంతమంది ఒక తారీఖు రాసుకోవడం ఇదే మొదలు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నిలబడే వచ్చాను, అయినా కాళ్ళ నొప్పి తెలియలేదు.

మీ సంతోషపు మరదలు


ఫిబ్రవరి 19

మరదలు పిల్లకి ఆశీస్సులు.

పేజీ పెట్టడం మరిచింది నువ్వు, నవ్వులపాలైంది నేను. మా వార్డంతా ఇప్పుడు నన్ను చూసి "మీ తమ్ముడు మేడ దిగాడా?" అని అడుగుతున్నారు. సరే, వాడు బాగున్నాడు, అది చాలు. మీటరు తిరిగి పంపకు. చూడటమూ మానిపించకు. తొంభై ఎనిమిదని ఒకసారి తేలితే ఎప్పటికీ తేలినట్టు కాదు.

నాలుగు రెండో పేజీలూ చదివాను. నాలుగింట్లోనూ నేనడిగిన దానికి జవాబు లేదు. పదో చుక్క దగ్గర ఏం జరిగింది?

నాకు మీ సాఫ్ట్‌వేర్ తెలియదు, చార్టు తెలుసు. చాలా ఏళ్ళ కిందట మా వార్డులో కొత్తగా చేరిన నర్సమ్మ, పని ఎక్కువై రెండు గంటలప్పుడు ఒక రోగికి జ్వరం చూడలేదు. పన్నెండు గంటల చుక్కా ఉంది, నాలుగు గంటల చుక్కా ఉంది. మధ్యలో బోసిగా కనిపిస్తుందని రెంటినీ నీటుగా కలిపేసింది. డాక్టరొచ్చి, గీత సాఫీగా ఉందని మందు ఆపేశాడు. ఆ మధ్యలో మనిషి దుప్పట్లు చాలక వణికిపోయాడని పక్కమంచం ఆయన చెప్తేగానీ మాకు తెలియలేదు. అప్పటినుంచి మా దగ్గర ఒకటే పద్ధతి. కొలవకపోతే గీత తెంచెయ్యాలి. అక్కడ ఖాళీ వదిలి, ఎందుకు కొలవలేదో రాసి, కింద సంతకం పెట్టాలి. కొలవని జ్వరం తగ్గిన జ్వరం కాదు.

ఇంకోటి కూడా ఉంది. నిన్నటిదాకా మూలిగినవాడు ఇవాళ లేచి కూచుంటే మేం ముందు సంతోషించం. థర్మామీటరు మార్చి చూస్తాం.

నీ గీత పైవాళ్ళ మొహం చూసి గీసినట్టుంది.

మార్చి పదకొండుకి ఇంకా టైముంది కదా, చూసుకో.

వదిన


ఫిబ్రవరి 23

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఆ గీత నేనే గీశాను. ఎవరి మొహమూ చూసి గీయలేదు. నిజానికి గీయడమంటూ నా చేతుల్లో లేదు. డేటాబేస్‌లో ఉన్న అంకెలని క్వెరీ తెస్తుంది, ఆ అంకెలు ఎక్కడుంటే చుక్క అక్కడ పడుతుంది. ఒక్క చుక్కని కూడా నేను గోరంత జరపలేదు. పదో చుక్క జనవరి ఇరవై తొమ్మిది. కరెంటు పోయి వచ్చినప్పుడు వాల్వులు గందరగోళపడే జబ్బుని అంతకుముందు శుక్రవారమే సరిచేశామని ప్రోగ్రామర్లు చెప్పారు. సోమవారానికి గీత లేచింది. మందు పనిచేసింది, అంతే. దొంగచార్టులు రాసే మనిషినని నా గురించి మీరనుకోవడం బాధగా ఉంది.

ఉంటాను.

అదే రోజు, సాయంత్రం

పై కాగితం కవర్లో పెట్టి అంటించబోయి ఆగాను. మీకు క్వెరీ కూడా పంపిస్తే నమ్ముతారు కదా అనిపించింది. దాని భాష మీకు రాదు కాబట్టి, మామూలు మాటల్లోకి మార్చి రాయడం మొదలుపెట్టాను: "ఏ రోజుకారోజు, నడిపిన టెస్టులన్నీ తీసుకో. వాటిలో వందకి ఎన్ని పాసయ్యాయో చెప్పు."

రాసి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. నడిపినవి సరే. మరి నడపనివి?

బడిలో వచ్చిన పిల్లల పేర్లే పిలిచి, అందరూ పలికారు కాబట్టి అందరూ హాజరని రాసుకున్నట్టుంది నా ప్రశ్న. రాని పిల్లవాడి పేరు పిలవనే లేదు.

వెంటనే తిరగేసి అడిగాను. ముందు నాలుగు వందల టెస్టుల జాబితా పరుచు, దాని పక్కన ఇవాళ్టి ఫలితం పెట్టు, ఫలితం లేకపోతే ఖాళీ వదులు. అరవై నాలుగు ఖాళీలు వచ్చాయి. అన్నీ కరెంటు టెస్టులే. అవి మాత్రమే మా దగ్గర మనిషి చేత్తో చేసేవి. మిషన్ల గదిలో ఒకాయన ఉన్నారు, అందరం ప్లగ్గు బాబాయి అంటాం. రోజంతా ప్లగ్గులు పీకుతూ, పెడుతూ, వాల్వులు ఏం చేశాయో రాసుకుంటూ ఉంటారు. ఆయన జనవరి ఇరవై తొమ్మిది పొద్దున మెట్లమీద జారి మడమ విరగ్గొట్టుకున్నారు. అందరం కార్డు మీద సంతకాలు పెట్టి పంపాం. ఆయన పని ఎవరో చూస్తున్నారని ప్రతివాళ్ళం అనుకున్నాం. నాలుగు వారాలుగా ఎవ్వరూ ఒక్క ప్లగ్గు కూడా పీకలేదు.

నా తొంభై ఏడు, నడిపిన మూడు వందల ముప్పై ఆరింట్లో వందకి తొంభై ఏడు. నాలుగు వందల్లో చూస్తే ఎనభై ఒకటిన్నర. అంటే రోగి మేడా ఎక్కలేదు, ఏమీ లేదు. జనవరిలో ఎక్కడ పడుకున్నాడో అక్కడే ఉన్నాడు.

వదినా, ఇప్పుడేం చేయను? వచ్చే సోమవారం డైరెక్టరుగారు ఊళ్ళో లేరు. మార్చి నాలుగున మీటింగు. ప్లగ్గు బాబాయి ఆరో తారీఖున పనిలోకి వస్తున్నారు. ఆయన వచ్చి గప్‌చిప్‌గా ఆ అరవై నాలుగూ నడిపేస్తే, అన్నీ పాసైతే, నా తప్పు ఎవరికీ తెలియదు. పాసు కాకపోతే? అయిదు రోజుల్లో వాటిని ఎవరు బాగుచేస్తారు? నేను నాలుగున నోరు తెరిస్తే "మళ్ళీ మొదలెట్టింది" అంటారు. పోయిన మీటింగులో నా మాటకి వచ్చిన విలువ ఈ మీటింగులో పోతుంది. నోరు మూసుకుంటే ఏదో ఒక వీధిలో బిందెలు ఖాళీగా ఉంటాయి.

మొదటి కాగితం కూడా ఇందులోనే పంపుతున్నాను. కొట్టివేతలతో సహా అన్నారుగా.

మరదలు


ఫిబ్రవరి 28

నా మరదలికి,

మొదటి కాగితం పొయ్యిలో పెట్టాను. "గౌరవనీయులైన" అన్న చోట ముందు కాలేలా అంటించాను.

మొహం చూసి గీశావన్నది నా నోటిదురద. నీకంత బాధ కలుగుతుందని తెలిస్తే అనేదాన్ని కాదు. తెలిసినా అనేదాన్నేమో, కానీ కాస్త మెల్లగా అనేదాన్ని. ఇంతకంటే వంగి చెప్పడం నాకు రాదు, నడుం నొప్పి.

చెప్పాలా వద్దా అని నన్నడుగుతున్నావు. బిందెల సంగతి రాసినప్పుడే నీకు జవాబు తెలుసు. ఎలా చెప్పాలన్నదే నీకు తెలియంది. అది నేను చెప్తాను.

నువ్వు మీటింగుకి వెళ్ళి, "అంటే, నాకు అనిపిస్తోంది, బహుశా, తప్పయితే క్షమించండి" అని మొదలెడతావు. తొందరాయన గడియారం చూసుకుంటాడు. అక్కడితో సరి. సందేహాన్ని నోటితో చెప్తే నసుగుడులా ఉంటుంది. చార్టు మీద ఖాళీగా చూపిస్తే దానికి ఒక పరిమాణం ఉంటుంది, ఎవరూ నసుగుడనలేరు. మా డాక్టర్లకి "ఈయన మధ్యాహ్నం ఎలా ఉన్నాడో మాకు సరిగ్గా తెలియదండీ" అంటే విసుక్కుంటారు. తెగిన గీత చూపిస్తే మాత్రం వాళ్ళే అడుగుతారు, "ఇక్కడేమైంది?" అని.

అందుకని నువ్వు మాట్లాడకు. ఆ అరవై నాలుగింటికీ చార్టులో చోటివ్వు. పాసైన పచ్చా కాదు, ఫెయిలైన ఎర్రా కాదు, వేరే ఏదైనా రంగు. తెర మీద పెట్టి కూచో. వాళ్ళు అడిగేదాకా పెదవి కదపకు. ఇది నీకు కష్టమని తెలుసు, నోట్లో లవంగం పెట్టుకో.

వాడి కాగితం అందింది. ఆదివారం సాయంత్రం ఆరుకి తొంభై ఎనిమిది అని రాశాడు. ఆ వేళకి మీరు ముగ్గురూ సినిమాహాల్లో ఉన్నారని నీ కూతురు ఫోనులో చెప్పింది, మీటరు ఇంట్లోనే ఉందట. అక్కాతమ్ముళ్ళ మధ్య వ్యవహారం ఇది, నువ్వు కలగజేసుకోకు. నేను చూసుకుంటాను.

వదిన


మార్చి 9

వదినా,

లవంగం బాగా పనిచేసింది. నాలుక మొద్దుబారి, మాట్లాడదామన్నా రాలేదు.

పచ్చ, ఎరుపు, బూడిదరంగు, మూడూ పెట్టి గీతకి బదులు ఒకే పెద్ద కడ్డీ గీశాను. పక్కన పాత గీత కూడా ఉంచాను, నాదేనని కింద రాశాను. దీపాలార్పి తెర మీద పెట్టగానే తొందరగారు, "ఏమ్మా, ఇది జనవరిదా?" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

"మరి తొంభై ఏడు ఏమైంది?"

నేను పాత గీత వైపు చూపించాను.

"ఇదేమిటి, మూగనోము పట్టావా?"

డైరెక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగారు. "ఆగవయ్యా. ఈ బూడిదరంగు ఏమిటమ్మా?"

"తెలియదండీ," అన్నాను.

"నువ్వే గీసి నీకే తెలియదా?"

"కాదండీ. అది తెలియదు అన్న రంగు. ఆ అరవై నాలుగు టెస్టులూ జనవరి ఇరవై తొమ్మిది నుంచి ఎవరూ నడపలేదు. పోయిన చార్టులో నేను నడిపినవాటినే లెక్కలోకి తీసుకున్నాను. పొరపాటు నాది."

 తొందరగారు లేచి నిలబడ్డారు. "పదకొండు అని మున్సిపాలిటీకి మాటిచ్చేశాం! పేపర్లో వచ్చేసింది! ఇప్పుడు బూడిద అంటే ఎలాగమ్మా? ప్రోగ్రామర్లు సరిచేశామన్నారు కదా, దాన్ని పచ్చలో కలిపెయ్!" అన్నారు. నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, "కొలవని జ్వరం తగ్గిన జ్వరం కాదండీ" అనేశాను. అందరూ నావైపు వింతగా చూశారు. జ్వరమెవరికని ఒకాయన అడిగాడు కూడా.

డైరెక్టరుగారు మాత్రం, "ఆ మిషన్ల గదిలోకి ఎవరు వెళ్తారు?" అని అడిగారు. నేనే వెళ్తానన్నాను.

ప్లగ్గు బాబాయికి కబురు తెలిసి, ఆరో తారీఖు దాకా ఆగకుండా మర్నాడే ఆటోలో వచ్చేశారు. కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని, "ఊఁ, పీకమ్మాయ్! అలా భయపడుతూ కాదు, కరెంటు పోయేటప్పుడు మనల్ని అడిగి పోతుందా? పీకెయ్!" అని అరుస్తుంటే, మూడు రోజులు నేను ప్లగ్గులు పీకాను, పెట్టాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇరవై మూడు పాసయ్యాయి. నలభై ఒకటి ఫెయిల్. కరెంటు పోయి వచ్చిందంటే వాల్వులు ఎక్కడిదాకా వచ్చాయో మరిచిపోయి మళ్ళీ మొదటి వీధి నుంచి మొదలెడుతున్నాయి. మొదటి వీధికి రెండుసార్లు నీళ్ళు, చివరి వీధికి అసలు లేవు.

విడుదల వాయిదా పడింది, ఏప్రిల్ మూడుకి. తొందరగారు నాతో మాట్లాడటం లేదు. ఫైలు కావాలంటే పక్కసీటు ఆయనతో "ఆవిడనడుగు" అంటున్నారు, నేను అక్కడే ఉండగా. డైరెక్టరుగారు కారిడార్‌లో ఎదురైతే తల ఊపి వెళ్ళిపోయారు. అది మంచి ఊపా, చెడ్డ ఊపా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నన్ను ఈ రిపోర్టుల పని నుంచి తీసేస్తారేమో. తీసేస్తే తీసేయనీ అనుకుంటాను, మళ్ళీ అయ్యో అనుకుంటాను.

మీ తమ్ముడు మీ ఫోను వచ్చినప్పటినుంచి రోజుకి నాలుగుసార్లు చూసుకుని రాస్తున్నారు. ఏమన్నారు మీరు?

మీ మరదలు


మార్చి 14

మరదలు పిల్లకి ఆశీస్సులు.

వాణ్ణి ఏమీ అనలేదు. "సినిమా బాగుందట్రా?" అని అడిగాను. అంతే. మెల్లగా "కథ కాస్త లాగాడక్కా" అన్నాడు.

నీ బొబ్బలకి వెన్న రాయకు, ఎండనీ.

ఆ తల ఊపు గురించి. మంచిదా చెడ్డదా అన్నావు. నీ చార్టులో దానికి ఏ రంగు వేస్తావు? ఆ రంగే వేసి ఊరుకో. అన్నిటికీ ఇవాళే పచ్చో ఎర్రో తేలాలంటే ఎలాగమ్మా?

ఒక సంగతి మాత్రం నీకు చెప్పాలి. మా ఇన్‌ఛార్జి డాక్టరుకి నీ బూడిదరంగు గురించి చెప్పాను. ఆయనకి నచ్చి, మా చార్టుల్లో కూడా కొలవనిచోట పెన్సిలుతో బూడిదరంగు రుద్దమన్నాడు. ఇప్పుడు నర్సమ్మలు నన్ను తిట్టుకుంటున్నారు, పెన్సిలు చెక్కలేక చస్తున్నామని. తిట్లలో సగం నీకు పంపుతున్నాను.

తీసేస్తే తీసేయనీ. నేను ముప్పయ్యేళ్ళలో రెండు వార్డుల నుంచి బదిలీ అయ్యాను, రెండుసార్లూ చార్టు గొడవే. మూడో వార్డులో మంచాలు కిటికీ పక్కన ఉన్నాయి.

వదిన


ఏప్రిల్ 6

వదినకి నమస్కారాలు.

తొందరగారు మాట్లాడుతున్నారు. మార్చి ఆఖర్లో ఒకరోజు తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇవాళ నీ బూడిద ఎంత?" అని అడిగారు. "మూడండీ" అన్నాను. "తగ్గించు, తగ్గించు, తొందరగా" అన్నారు. అంటే మాట్లాడుతున్నట్టే కదా?

నాలుగు వందలూ నడిపాం. ప్లగ్గు బాబాయి చేతికర్రతోనే తిరుగుతున్నారు. నాకు ప్లగ్గు పీకడం రాదని ఆయన ఇంకా అందరికీ చెప్తున్నారు. మూడో తారీఖున వాల్వులు మొదలయ్యాయి. నిన్న మధ్యాహ్నం ఆ వీధుల్లో నలభై నిమిషాలు కరెంటు పోయిందట. నీళ్ళ ఆఫీసులో ఆపరేటరుకి ఫోను చేసి, "ఏమైంది?" అని అడిగాను. "ఏం కాలేదండీ" అన్నాడు. "అసలేం కాలేదా?" అన్నాను. "ఎందుకండీ, ఏమైనా అవ్వాలా?" అని భయపడ్డాడు పాపం.

ఒకటి మాత్రం చివరికి దాచాను. విడుదలకి రెండు రోజుల ముందు ఆఖరి మీటింగు. నా చార్టు తెర మీద నిలువెల్లా పచ్చగా ఉంది, బూడిద లేదు, ఎరుపు లేదు. నేను లవంగం కూడా పెట్టుకోలేదు. అందరూ కుర్చీలు వెనక్కి జరిపి లేవబోతున్నారు. డైరెక్టరుగారు లేవలేదు. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టి, నావైపు తిరిగి, "అంతా పచ్చగానే ఉంది. మరి నీకేమైనా సందేహం ఉందా అమ్మా?" అన్నారు.

నేను ఆయన మొహం చూశాను, నవ్వుతున్నారేమోనని. నవ్వడంలేదు. నిజంగానే అడిగారు, అడిగి ఆగారు. నలభై మూడేళ్ళలో ఆ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు గానీ, జవాబు కోసం ఎవరూ ఆగలేదు వదినా.

"మూడున్నాయండీ," అన్నాను.

వెనక్కి జరిగిన కుర్చీలన్నీ మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాయి. తొందరగారిది అన్నిటికంటే ముందు.

మీ మరదలు